పిల్లలకు పోటీ ఈత క్లబ్బును ఎంచుకోవడం

విషయక్రమం
1.0 లక్ష్యాలు
1.1 పరిచయం
1.2 ఈత నేర్చుకోవడం, పోటీ ఈత
1.3 పతకాల పట్టిక ఏమి చెప్పదు?
1.4 పరిశీలించవలసిన అంశాలు
1.5 నిర్ణయం తీసుకోవడం
1.6 సంగ్రహం
1.7 పదకోశం
1.8 అభ్యాసాలకు నమూనా జవాబులు
1.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

1.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:
• ఈత నేర్పే శిక్షణకూ, పోటీ ఈత శిక్షణకూ మధ్య తేడాను వివరించగలుగుతారు.
• చిన్న వయసు పతకాలను బట్టి క్లబ్బును అంచనా వేయడంలోని పొరపాటును గుర్తించగలుగుతారు.
• కొలను, శిక్షకులు, సాధన, భద్రత, గుర్తింపు, ఖర్చు అనే అంశాల ఆధారంగా ఒక క్లబ్బును పరిశీలించగలుగుతారు.
• మీ కుటుంబానికి తగిన నిర్ణయం తీసుకొని, దాన్ని కారణాలతో సమర్థించగలుగుతారు.

1.1 పరిచయం

వేసవి సెలవుల్లో పిల్లవాడిని ఈతకు పంపిస్తారు. నెల రోజుల్లో వాడికి నీటి భయం పోతుంది. కొలను ఈ చివరి నుంచి ఆ చివరకు చేరుకుంటాడు. జూన్‌లో బడి తెరిచే సమయానికి శిక్షకుడు మిమ్మల్ని పక్కకు పిలిచి, "బాబు బాగా ఈదుతున్నాడండీ, పోటీ బ్యాచ్‌లో చేర్చండి" అంటాడు. ఆ మాట వినగానే సంతోషం కలుగుతుంది. ఆ వెంటనే ప్రశ్నలూ వస్తాయి. ఏ క్లబ్బులో చేర్చాలి? రోజూ తెల్లవారుజామున ఎవరు తీసుకుపోవాలి? చదువు ఏమవుతుంది? ఖర్చు ఎంత?

మీలో కొందరు ఇప్పటికే తల్లిదండ్రులై ఉంటారు. కొందరు బడుల్లో పనిచేస్తూ ఉండవచ్చు. మీ దగ్గరకు వచ్చి సలహా అడిగే తల్లిదండ్రులూ ఉంటారు. ఎవరి విషయంలోనైనా నిర్ణయం ఒక పిల్లవాడి ఉదయాలకూ, భుజాలకూ, ఆటపై ఇష్టానికీ సంబంధించినది. అందుకే తొందరపడకుండా పరిశీలించి తీసుకోవాలి.

ఈ యూనిట్ అంతటికీ ఆధారమైన సూత్రం ఒకటి ఉంది. క్లబ్బు విలువను అక్కడి విజేతను చూసి నిర్ణయించలేం. అక్కడి సగటు పిల్లవాడు ఎలా నేర్చుకుంటున్నాడో, ఎన్నాళ్ళు నిలుస్తున్నాడో చూసి నిర్ణయించాలి.

1.2 ఈత నేర్చుకోవడం, పోటీ ఈత

మన పల్లెల్లో పిల్లలు నడుముకు బెండ్లు కట్టుకొనో, ఎండిన సొరకాయ బుర్ర సాయంతోనో వ్యవసాయ బావుల్లో ఈత నేర్చుకొనేవారు. అన్నయ్యో, మేనమామో గట్టు మీద నిలబడి కనిపెట్టుకొని ఉండేవాడు. ఆ ఈత లక్ష్యం ప్రాణరక్షణ, సరదా. పట్టణాల్లోని వేసవి శిబిరాలు చేసేదీ ప్రధానంగా ఇదే. ఈ నైపుణ్యం ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ అవసరం.

పోటీ ఈత మరో దశ. ఇందులో నాలుగు పద్ధతులు ఉన్నాయి: ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై. ఒకే ఈతగాడు నాలుగింటినీ ఈదే పోటీని వ్యక్తిగత మెడ్లీ అంటారు. అందులో బటర్‌ఫ్లై, బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్, ఫ్రీస్టైల్ అనే వరస పాటించాలి. బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లైలలో మలుపు దగ్గర, ముగింపు దగ్గర రెండు చేతులూ ఒకేసారి గోడను తాకాలి. ఒక చెయ్యి ముందు తాకితే ఎంత వేగంగా ఈదినా అనర్హుడవుతాడు. ఇటువంటి నియమాలను అంతర్జాతీయంగా వరల్డ్ ఆక్వాటిక్స్ రూపొందిస్తుంది. 1908లో ఏర్పడిన ఈ సంస్థను ఇటీవలి వరకు ఫినా అనేవారు. మన దేశంలో పోటీ ఈతను స్విమ్మింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా నిర్వహిస్తుంది.

కొలను పొడవు కూడా ముఖ్యమే. ఒలింపిక్స్ 50 మీటర్ల కొలనులో జరుగుతాయి. 25 మీటర్ల కొలనులో జరిగే పోటీలను షార్ట్ కోర్స్ పోటీలంటారు. 100 మీటర్లు ఈదడానికి 50 మీటర్ల కొలనులో ఒక్క మలుపు, 25 మీటర్ల కొలనులో మూడు మలుపులు వస్తాయి. మలుపులో గోడను తన్నడం వల్ల వేగం పెరుగుతుంది. కాబట్టి చిన్న కొలనులో సాధారణంగా తక్కువ సమయం నమోదవుతుంది. ఏ క్లబ్బు అయినా "మా పిల్లలు ఇంత సమయంలో ఈదుతారు" అని చెప్పినప్పుడు, అది ఏ కొలనులో నమోదైన సమయమో మీరు అడగాలి.

1.3 పతకాల పట్టిక ఏమి చెప్పదు?

క్లబ్బు గోడ మీద పతకాల ఫొటోలు ఉంటాయి. వాటి వెనక శ్రమ ఉంటుంది, సందేహం లేదు. అయితే 10, 11 ఏళ్ళ పిల్లల పతకాలను చదివేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి.

1.3.1 ఎదుగుదలలోని తేడా

ఎత్తు వేగంగా పెరిగే దశ సగటున బాలికల్లో 12 ఏళ్ళ ప్రాంతంలో, బాలురలో 14 ఏళ్ళ ప్రాంతంలో వస్తుంది. ఇది సగటు మాత్రమే. ఒకే తరగతిలో చదివే ఇద్దరు పిల్లల శారీరక ఎదుగుదలలో రెండేళ్ళకు పైగా తేడా ఉండవచ్చు. ముందుగా ఎదిగిన పిల్లకు పొడవైన చేతులు, పెద్ద పాదాలు, ఎక్కువ కండబలం ఉంటాయి. ఆ సంవత్సరం గెలుపు ఆమెదే కావచ్చు. మూడేళ్ళ తరవాత మిగిలినవారు కూడా ఎదిగినప్పుడు నీటిపై పట్టు, పద్ధతి ఎవరికి బాగా ఉంటే వారు ముందుకు వస్తారు. చిన్నప్పుడు పద్ధతిని పక్కన పెట్టి వేగం కోసమే ఈదించిన క్లబ్బు లోపం అప్పుడు బయటపడుతుంది.

మన దేశ అనుభవమే దీనికి ఉదాహరణ. ఒలింపిక్ 'ఎ' అర్హతా సమయాన్ని అందుకొన్న మొదటి భారతీయ ఈతగాడు సజన్ ప్రకాశ్. 2021 జూన్‌లో రోమ్‌లో జరిగిన పోటీలో 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1 నిమిషం 56.38 సెకన్లలో ముగించాడు. అర్హతా సమయం 1 నిమిషం 56.48 సెకన్లు. అప్పటికి అతని వయసు 27 సంవత్సరాలు. అంతకు ముందు మెడ గాయంతో బాధపడి కోలుకొన్నాడు. ఆ వెంటనే 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లో అదే ఘనత సాధించిన శ్రీహరి నటరాజ్‌కు అప్పుడు 20 ఏళ్ళు. పిల్లవాడు 11 ఏళ్ళకు గెలవకపోవడం ఓటమి కాదు. 15 ఏళ్ళకు విసిగి కొలను వదిలేస్తే మాత్రం, ఎదగగలిగిన అవకాశమే పోతుంది.

1.3.2 నిలకడ: ఒక లెక్క

కింది లెక్క ఊహించినది. అవగాహన కోసం మాత్రమే ఇస్తున్నాం.

'అ' క్లబ్బు: నాలుగేళ్ళ కిందట పోటీ బ్యాచ్‌లో 10 ఏళ్ళ పిల్లలు 20 మంది. ఆ ఏడాది జిల్లా పతకాలు 12. ఇప్పటికీ ఈదుతున్నవారు 4 (20 శాతం).
'ఆ' క్లబ్బు: నాలుగేళ్ళ కిందట పోటీ బ్యాచ్‌లో 10 ఏళ్ళ పిల్లలు 20 మంది. ఆ ఏడాది జిల్లా పతకాలు 4. ఇప్పటికీ ఈదుతున్నవారు 13 (65 శాతం).

పతకాలే చూస్తే 'అ' క్లబ్బు మూడు రెట్లు మెరుగు. మీ పిల్లవాడు మిగతా పిల్లల్లో ఒకడు అనుకొని చూస్తే 'ఆ' క్లబ్బు మెరుగు. పిల్లలు మానేయడానికి బదిలీలు, పదో తరగతి పరీక్షలు, ఇంట్లో ఇబ్బందులు కూడా కారణాలు కావచ్చు. కాబట్టి సంఖ్య తెలుసుకొని ఊరుకోకుండా, మానేసిన పిల్లల తల్లిదండ్రులు ఒకరిద్దరితో మాట్లాడి కారణం తెలుసుకోవాలి.

అభ్యాసం – 1
గమనిక: జవాబులను మీ నోటు పుస్తకంలో రాసి, యూనిట్ చివర ఇచ్చిన జవాబులతో సరిచూసుకోండి.
1. 25 మీటర్ల కొలనులో నమోదైన సమయాన్ని 50 మీటర్ల కొలను సమయంతో నేరుగా ఎందుకు పోల్చకూడదు?
2. 11 ఏళ్ళ పిల్లల పతకాలను బట్టి క్లబ్బును ఎందుకు అంచనా వేయకూడదు?

1.4 పరిశీలించవలసిన అంశాలు

1.4.1 కొలను, నీరు

మొదట నీటిని చూడండి. గట్టు మీద నిలబడితే కొలను అడుగున ఉన్న గీతలు స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే, మునిగిన పిల్లవాడు కూడా కనిపించడని అర్థం. నీటి పీహెచ్ విలువ 7.2 నుంచి 7.8 మధ్య, విడి క్లోరిన్ సుమారుగా లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల మధ్య ఉండేలా సాధారణంగా చూస్తారు. రోజూ పరీక్షించి రాసే పట్టిక ఉందా అని అడగండి. ఘాటైన వాసన వస్తే నీరు శుభ్రంగా ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి చెమట, మూత్రం వంటివి క్లోరిన్‌తో కలిసినప్పుడు క్లోరమైన్లు ఏర్పడతాయి. ఆ ఘాటు వాటిదే. కళ్ళ మంట, దగ్గు కూడా వాటి వల్ల రావచ్చు.

రెండో విషయం లోతు. దూకే దిమ్మెలు ఉన్న చోట నీటి లోతు కనీసం 1.35 మీటర్లు ఉండాలని అంతర్జాతీయ నియమం. 4 అడుగుల కొలను లోతు సుమారు 1.22 మీటర్లే. అటువంటి చోట తల కిందికి పెట్టి దూకడం నేర్పిస్తే మెడకు తీవ్రమైన గాయం కావచ్చు. ఇందులో రాజీ పడకూడదు. బ్యాక్‌స్ట్రోక్ ఈదేవారికి గోడ దగ్గరపడిందని తెలియజేయడానికి గోడకు 5 మీటర్ల దూరంలో కొలను మీదుగా జెండాల తాడు కడతారు. సాధన సమయంలో అది కట్టి ఉందో లేదో కూడా చూడండి.

రోజువారీ సాధనకు 25 మీటర్ల కొలను సరిపోతుంది. పెద్ద పోటీలకు ముందు 50 మీటర్ల కొలనులో సాధన చేసే వీలు ఉంటే మంచిది. హైదరాబాద్‌లో 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడల కాలంలో గచ్చిబౌలిలో ఇటువంటి కొలను అందుబాటులోకి వచ్చింది.

1.4.2 శిక్షకులు

శిక్షకుడు ఒకప్పుడు బాగా ఈదినవాడు కావడం మంచిదే. కాని ఈదడం, నేర్పడం వేరు వేరు నైపుణ్యాలు. 1961లో పటియాలాలో ప్రారంభమైన జాతీయ క్రీడా సంస్థ శిక్షకులకు డిప్లొమా కోర్సు, తక్కువ కాలపు సర్టిఫికెట్ కోర్సు నిర్వహిస్తుంది. మీ శిక్షకుడు ఏ శిక్షణ పొందాడో అడగడంలో మొహమాటం అక్కరలేదు. ఈ కింది ప్రశ్నలు కూడా అడగండి:
• ఒక శిక్షకుడి కింద ఎంతమంది పిల్లలు ఉంటారు?
• ప్రథమ చికిత్స, గుండె–శ్వాస పునరుద్ధరణ (సీపీఆర్) ఎవరికి వచ్చు?
• శిక్షకుడు కాకుండా వేరుగా లైఫ్‌గార్డు ఉంటాడా?

చివరి ప్రశ్న ముఖ్యమైనది. శిక్షకుడి చూపు ఒక పిల్లవాడి చేతుల మీద ఉన్నప్పుడు మరొకడు నీట మునగవచ్చు. మునిగేవాడు చాలాసార్లు కేకలు వేయలేడు. నిశ్శబ్దంగా మునిగిపోతాడు. అందువల్ల చూడటమే పనిగా ఒక మనిషి ఉండాలి.

1.4.3 సాధన పద్ధతి

పోటీ ఈతలో భుజాల మీద ఎంత భారం పడుతుందో లెక్క వేసి చూద్దాం. 25 మీటర్లకు రెండు చేతులూ కలిపి 20 సార్లు వేస్తాడనుకుంటే, 3,000 మీటర్ల సాధనలో ఆ సంఖ్య 2,400 అవుతుంది. వారానికి ఆరు రోజులైతే 14,400. పద్ధతిలో చిన్న తప్పు ఉంటే అది వారానికి అన్ని వేలసార్లు జరుగుతుంది. ఈతగాళ్ళలో భుజం నొప్పి సాధారణం కావడానికి ఇది ఒక కారణం.

కాబట్టి చిన్న పిల్లల విషయంలో దూరం పెంచే ముందు పద్ధతి సరిదిద్దే క్లబ్బును ఎంచుకోవాలి. నాలుగు పద్ధతులూ నేర్పుతున్నారా, 9 ఏళ్ళకే ఒకే పద్ధతికి పరిమితం చేస్తున్నారా? వారానికి కనీసం ఒక పూర్తి విశ్రాంతి రోజు ఉందా? భుజం నొప్పి అని చెప్పిన పిల్లవాడిని ఆపుతారా, "ఓర్చుకో" అంటారా? కబడ్డీ, బ్యాడ్మింటన్ వంటి ఇతర ఆటలను అనుమతిస్తారా? చిన్న వయసులో ఒకే ఆటను సంవత్సరమంతా ఆడటం వల్ల గాయాలు, విసుగు పెరుగుతాయని పిల్లల వైద్యులు హెచ్చరిస్తున్నారు.

1.4.4 పిల్లల రక్షణ

ఈతలో పిల్లలు తక్కువ దుస్తులతో ఉంటారు. శిక్షకుడు పద్ధతి సరిచేసేటప్పుడు తాకవలసి రావచ్చు. పోటీల కోసం వేరే ఊళ్ళకు ప్రయాణిస్తారు. అందుకే క్లబ్బులో స్పష్టమైన నియమాలు ఉండాలి. దుస్తులు మార్చుకొనే గదుల్లో ఫోన్లు వాడకూడదు. పెద్దలు ఒంటరిగా పిల్లలతో ఆ గదుల్లో ఉండకూడదు. శిక్షకుడు పిల్లలకు విడిగా సందేశాలు పంపకూడదు. తల్లిదండ్రులు ఎప్పుడు వచ్చినా సాధన చూడటానికి అనుమతి ఉండాలి. బాలికలు ఉన్న ప్రయాణాల్లో బాధ్యత గల మహిళ వెంట ఉండాలి. నెలసరి రోజుల్లో బాలిక కారణం చెప్పనవసరం లేకుండా సాధన మానుకొనే వీలు ఉండాలి.

18 ఏళ్ళలోపు పిల్లలను లైంగిక నేరాల నుంచి రక్షించే పోక్సో చట్టం 2012లో వచ్చింది. అటువంటి నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం ఈ చట్టం ప్రకారం తప్పనిసరి. "మనలో మనం మాట్లాడుకుందాం" అని క్లబ్బు సర్దిచెప్పడానికి వీలు లేదు. సహాయం కోసం 1098 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

మాటల హింసను కూడా పట్టించుకోవాలి. "లావెక్కావు, అందుకే వేగం తగ్గింది" అనే ఒక్క మాట ఎదిగే వయసులోని పిల్లను తిండికి దూరం చేయగలదు.

1.4.5 గుర్తింపు, వయసు పత్రాలు

ఫెడరేషన్ పోటీల్లో పాల్గొనాలంటే జిల్లా, రాష్ట్ర సంఘాల ద్వారా పేరు నమోదు కావాలి. క్లబ్బు ఆ సంఘానికి అనుబంధంగా ఉందో లేదో తెలుసుకోండి. పోటీలను వయసు గ్రూపులవారీగా నిర్వహిస్తారు. వయసు పరిమితులు మారే అవకాశం ఉంది కాబట్టి ఆ సంవత్సరపు ప్రకటన చూడాలి. "పుట్టిన తేదీ కొంచెం మార్చుకుందాం, అందరూ చేసేదే" అని ఎవరైనా సలహా ఇస్తే ఆ క్లబ్బును అక్కడితో వదిలేయండి. అది నేరం. పైగా, మోసం చేసైనా గెలవాలన్నదే పిల్లవాడికి అక్కడ మొదటి పాఠం అవుతుంది.

1.4.6 ఖర్చు, కాలం

నెల రుసుము మాత్రమే లెక్కించవద్దు. ప్రవేశ రుసుము, దుస్తులు, కళ్ళద్దాలు, టోపీ, పోటీల రుసుము, ప్రయాణం, బస, అదనపు పోషకాహారం అన్నీ కలిపి సంవత్సరానికి రాసి చూడండి. ఏడాది రుసుము మొత్తం ముందే కట్టమంటే, ఒక నెల చూసి కడతామని అడగండి.

కాలాన్ని కూడా లెక్కించాలి. ఇంటి నుంచి కొలనుకు 40 నిమిషాలు, రోజుకు గంటన్నర సాధన, వారానికి ఆరు రోజులు అనుకొందాం.
సాధన: 90 × 6 = 540 నిమిషాలు, అంటే 9 గంటలు.
ప్రయాణం: 80 × 6 = 480 నిమిషాలు, అంటే 8 గంటలు.

ఈ ఉదాహరణలో ప్రయాణమే దాదాపు సాధనతో సమానం. ఆ 8 గంటలు పిల్లవాడి నిద్ర నుంచి, తల్లి లేదా తండ్రి పని నుంచి, ఇంట్లో మరో బిడ్డకు ఇవ్వవలసిన సమయం నుంచి వస్తాయి. అందుకే పేరున్న దూరపు క్లబ్బు కంటే శ్రద్ధ గల దగ్గరి క్లబ్బు చాలా కుటుంబాలకు మెరుగు.

అభ్యాసం – 2
1. కొలనులో శిక్షకుడితోపాటు వేరుగా లైఫ్‌గార్డు ఎందుకు ఉండాలి?
2. ఇంటికి కొలను 25 నిమిషాల దూరం. రోజుకు గంట సాధన, వారానికి ఐదు రోజులు. సాధనకూ, ప్రయాణానికీ వారంలో ఎంత సమయం పడుతుంది?

1.5 నిర్ణయం తీసుకోవడం

కనీసం రెండు క్లబ్బులకు వెళ్ళండి. వీలైతే ఒకసారి ముందుగా చెప్పి, మరోసారి చెప్పకుండా వెళ్ళండి. గట్టు మీద గంటసేపు కూర్చొని చివరి లేన్‌ను చూడండి. సాధారణంగా మెల్లగా ఈదే పిల్లలు ఆ చివరన ఉంటారు. శిక్షకుడు అక్కడికి ఎన్నిసార్లు వెళ్ళాడు? ఆ పిల్లలను పేరు పెట్టి పిలుస్తున్నాడా? తప్పు చేసినప్పుడు ఎలా చేయాలో చూపిస్తున్నాడా, తిడుతున్నాడా? సాధన ముగిశాక పిల్లలు ఎలా బయటికి వస్తున్నారు? అలసట సహజం. భయం సహజం కాదు.

తరవాత మీ పిల్లతోనో, పిల్లవాడితోనో మాట్లాడండి. "నీకు చేరాలని ఉందా?" అని అడిగితే మీ ముఖం చూసి "ఉంది" అంటారు. "ఆ కొలనులో నీకు ఏది నచ్చింది? ఏది నచ్చలేదు?" అని అడగండి. ఒక నెల పంపించి, ఆ తరవాత మళ్ళీ అడగండి. వద్దంటే వినండి. ఈత వచ్చిన బిడ్డకు పోటీ లేకపోయినా ఈత ఉంటుంది.

చేర్చిన తరవాత మీ బాధ్యత కూడా ఉంది. పోటీ ముగిసి బయటికి రాగానే "ఎన్నో స్థానం?" అని మొదట అడిగే ఇంట్లో, ఎంత మంచి క్లబ్బు అయినా పిల్లవాడిని ఎక్కువ కాలం నిలపలేదు. స్థానం పక్కవారి వేగం మీద ఆధారపడుతుంది. తన పాత సమయం కంటే ఎంత మెరుగయ్యాడన్నది తన శ్రమను చూపుతుంది. అదే అడగండి.

1.6 సంగ్రహం

ఈత నేర్చుకోవడం ప్రాణరక్షణకు అవసరమైన నైపుణ్యం. పోటీ ఈత నియమాలతో, కాలంతో, దీర్ఘ సాధనతో కూడినది. చిన్న వయసు పతకాలు చాలావరకు త్వరగా వచ్చిన ఎదుగుదలను సూచించవచ్చు. కాబట్టి పిల్లలు ఎన్నేళ్ళు కొనసాగుతున్నారు, మెల్లగా ఈదేవారికి ఎంత శ్రద్ధ అందుతోంది అనేవి క్లబ్బుకు మెరుగైన కొలమానాలు. నీటి స్పష్టత, దూకే చోట లోతు, లైఫ్‌గార్డు, పిల్లల రక్షణ నియమాలు, నిజమైన వయసు పత్రాలు: వీటిలో రాజీ ఉండకూడదు. ఖర్చు, దూరం వంటివి మాత్రం కుటుంబం తన పరిస్థితిని బట్టి సర్దుకోవచ్చు.

1.7 పదకోశం

లేన్: కొలనులో తాళ్ళతో విడదీసిన ఈత దారి.
షార్ట్ కోర్స్: 25 మీటర్ల కొలనులో జరిగే పోటీ.
మెడ్లీ: నాలుగు ఈత పద్ధతులూ కలిసిన పోటీ.
క్లోరమైన్లు: క్లోరిన్ చెమట, మూత్రం వంటి వాటితో కలిసి ఏర్పడే ఘాటైన పదార్థాలు.
అర్హతా సమయం: పోటీలో ప్రవేశానికి అందుకోవలసిన సమయం.

1.8 అభ్యాసాలకు నమూనా జవాబులు

అభ్యాసం – 1
1. 25 మీటర్ల కొలనులో మలుపులు ఎక్కువ. ప్రతి మలుపులో గోడను తన్నడం వల్ల వేగం పెరిగి, సాధారణంగా తక్కువ సమయం నమోదవుతుంది.
2. ఆ వయసులో శారీరక ఎదుగుదలలో పెద్ద తేడాలు ఉంటాయి. ముందుగా ఎదిగినవారు పద్ధతి బాగా లేకపోయినా గెలవవచ్చు. పతకాలు మిగిలిన పిల్లల ప్రగతిని, కొనసాగింపును చూపవు.

అభ్యాసం – 2
1. శిక్షకుడి దృష్టి ఒక పిల్లవాడిపై ఉన్నప్పుడు మరొకడు నిశ్శబ్దంగా మునగవచ్చు. చూడటమే పనిగా ఉన్న వ్యక్తి వెంటనే గుర్తించగలడు.
2. సాధన: 60 × 5 = 300 నిమిషాలు (5 గంటలు). ప్రయాణం: 50 × 5 = 250 నిమిషాలు (4 గంటల 10 నిమిషాలు). మొత్తం 9 గంటల 10 నిమిషాలు.

1.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పోటీ ఈత క్లబ్బును ఎంచుకొనేటప్పుడు పరిశీలించవలసిన అంశాలను వివరించండి.
2. "క్లబ్బు విలువ అక్కడి సగటు పిల్లవాడిలో కనిపిస్తుంది." చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఈత క్లబ్బులో పిల్లల రక్షణకు ఉండవలసిన నియమాలు పేర్కొనండి.
2. మీకు దగ్గరలోని ఒక ఈత కొలనును సందర్శించి, నీరు, లోతు, లైఫ్‌గార్డు విషయంలో మీరు గమనించినవి రాయండి.